సుక్కికి పెద్దులు జామీను

తప్పు చేసింది నేను. అది ముందే చెప్పేస్తే నాకూ తేలికగా ఉంటుంది.

సూర్యాపేటలో బస్టాండు వెనక సందులో నాది డీటీపీ షాపు. ఇరవై రెండేళ్లుగా అదే గది, అదే కుర్చీ. నడుము నొప్పి మాత్రం ఏటేటా కొత్తగా వస్తుంది. పెళ్లికార్డులు, కొశ్చన్ పేపర్లు, మిల్లుల బిల్లు బుక్కులు, దశదిన కర్మ కార్డులు, ఏం తెచ్చినా కొట్టిపెడతాను. వీటన్నిటికంటే నా పేరు చెప్పుకునేది లెక్కల థీసిస్‌లకు. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ మూడూళ్లలో ఎవరు లెక్కల్లో పీహెచ్‌డీ చేసినా చివరికి నా మెట్లెక్కాల్సిందే. "కరుణక్క దగ్గరికి పో" అంటారు. ఇప్పటికి ముప్పై ఒకటి కొట్టాను.

లెక్కలకు మామూలు పేజీలు కట్టే సాఫ్ట్‌వేర్ పనికిరాదు. దానికి లేటెక్ అని వేరే పద్ధతి ఉంది. అందులో కొట్టేటప్పుడు పేజీ కంటికి కనిపించదు. ఇది అధ్యాయం, ఇది సిద్ధాంతం, ఇది సమీకరణం అని మాటల్లో చెప్పి బటన్ నొక్కితే పేజీలు అదే కట్టి ఇస్తుంది. పన్నెండేళ్ల కింద ఒక లెక్చరర్ నేర్పాడు. నేర్చుకున్నానే గానీ పాత బుద్ధి పోనియ్యలేదు. ఆ పద్ధతిలో నంబర్లు చేత్తో కొట్టనక్కర్లేదు. ఒక్కో సిద్ధాంతానికి లోపల ఒక పేరు పెట్టి, కావలసిన చోటల్లా ఆ పేరుతో పిలిస్తే చాలు, నంబరు అదే వేసుకుంటుంది. మధ్యలో కొత్తది దూరిస్తే వెనకవన్నీ వాటంతట అవే జరుగుతాయి. ఆ లెక్చరర్ నాకు పదిసార్లు చెప్పాడు. నేను వినలేదు. నంబరు దానంతటదే పడితే ఇక నేనెందుకు అని లోపల ఒక పొగరు. 2.9 అని కాగితం మీద ఉంటే 2.9 అని నా వేళ్లతో కొడితేనే నాకు తృప్తి. కాపీలో ఉన్నది కొట్టుడే, చదువుడు మన పని కాదు. అది నా షాపు ధర్మం.

మానసది గరిడేపల్లి. నాన్నకు నాలుగెకరాల వరి. కోదాడలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో లెక్కలు చెబుతుంది. ముప్పై మూడేళ్లుంటాయి, చూస్తే ఇంకా ఎక్కువ అనిపిస్తుంది. ఆరేళ్లుగా ఆమె పీహెచ్‌డీ నడుస్తూనే ఉంది. గడువు రెండుసార్లు పెంచారు, మూడోసారి లేదన్నారు. సోమవారం సాయంత్రం నాలుగు లోపల గైడు సంతకంతో నాలుగు కాపీలు యూనివర్సిటీ ఆఫీసులో ఇవ్వకపోతే రిజిస్ట్రేషన్ రద్దు. కాలేజీవాళ్లు కూడా జూన్ నుంచి డాక్టరేట్ లేనివాళ్లకు క్లాసులు ఉండవని మొహం మీదే చెప్పేశారు. అంటే ఆ సోమవారం దాటితే ఆమెకు చదువూ లేదు, కొలువూ లేదు.

గురువారం పొద్దున మానస ఫోన్ చేసింది. యూనివర్సిటీ కమిటీవాళ్లు రెండో అధ్యాయంలో ఒక చిన్న సిద్ధాంతం చేర్చమన్నారట. ఇట్లాంటి చిన్నవాటిని లెమ్మా అంటారు, పెద్ద సిద్ధాంతానికి మెట్టులాంటివి. కాగితం మీద రాసి, ఫొటో తీసి పంపింది. 2.6 తర్వాత పెట్టాలి. పెట్టడం అరగంట పని. కానీ అది 2.7 అయితే పాత 2.7 కాస్తా 2.8 కావాలి, 2.8 కాస్తా 2.9 కావాలి, అట్లా ఇరవై ఆరు దాకా జరగాలి. ఆ నంబర్లు రెండో అధ్యాయంలోనే ఉంటే బాగుండేది. 2.9 ప్రకారం, 2.14 ప్రకారం అంటూ పుస్తకమంతా పరుచుకున్నాయి.

వెతికి మార్చే ఆప్షన్ ఉంది కదా అనుకున్నాను. 2.7లన్నీ 2.8 చేశాను. తర్వాత 2.8లన్నీ 2.9 చేశాను. పాత 2.8లతో పాటు ఇప్పుడే మార్చినవి కూడా అందులో కలిసిపోయాయని నాకు తట్టనే లేదు. చకచకా ఇరవై ఏడు దాకా పోయాను. పని తొందరగా అయిందని సంతోషపడి, సేవ్ చేసి, మూసేసి, టీ తాగొచ్చాను. వచ్చి తెరిచి చూస్తే ఏడు నుంచి ఇరవై ఆరు దాకా ఉన్న ఇరవై సిద్ధాంతాలూ 2.27 అయి కూర్చున్నాయి. పుస్తకంలో ఎక్కడ చూసినా 2.27 ప్రకారం, 2.27 ప్రకారం. వెనక నుంచి మొదలుపెట్టాల్సింది. ముందు ఇరవై ఆరును ఇరవై ఏడు చేసి, తర్వాత ఇరవై ఐదును ఇరవై ఆరు చేసి, అట్లా ముందుకు రావాల్సింది. బెంచీలో ఒకరికి చోటివ్వాలంటే చివర కూర్చున్నవాళ్లు ముందు జరగాలని బడిపిల్లకు కూడా తెలుసు.

పాత కాపీ ఉంది, పోయిన దసరా నాటిది. ఆ తర్వాత చేసిన దిద్దుబాట్లు ఏవీ అందులో లేవు. ఏ రోజు ఫైలు ఆ రోజు తేదీ వేసి వేరుగా దాచుకోవాలని షాపుకొచ్చిన ప్రతివాళ్లకూ చెప్పేదాన్ని నేనే. చెప్పేవి శ్రీరంగనీతులు.

ఒక గంట ఊరికే కూర్చున్నాను. తర్వాత ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పాను.

"మానసా, నీ పుస్తకం కరాబు జేసిన."

"ప్రింటు తీసిన ప్రూఫు నా దగ్గరుందక్కా. పొద్దున ఫస్టు బస్సుకు వస్తాను" అంది. గరిడేపల్లి పిల్ల అయినా కోదాడలో పదేళ్లుండి మాటలో ఆంధ్రా వాసన పట్టింది. నన్నొక్క మాటన్నా తిడితే నాకు బాగుండేది.

శుక్రవారం పొద్దున ఎనిమిదికల్లా వచ్చింది. భుజానికి సంచీ, సంచీలో నూట అరవై ఎనిమిది పేజీల ప్రూఫు, టిఫిన్ డబ్బా. కాలేజీకి లీవు పెట్టానంది. నిద్రలేక కళ్లు లోపలికి పోయి ఉన్నాయి. నేనూ నిద్రపోలేదు కానీ అది ఆమెకు చెప్పేంత సిగ్గులేనిదాన్ని కాదు.

"ప్రూఫు సూసుకుంట ఒక్కొక్క నంబరు మళ్ల కొడితే అయిపోద్ది గదక్కా" అంది.

"అయితది. రేపు మీ గైడు సారు ఫోన్ జేసి ఇంకోటి పెట్టుమంటే?"

ఆమె ప్రూఫు సంచీలోంచి తీసి టేబుల్ మీద పెట్టింది.

"ఎట్లన్న పేజి పేజి సూడాలె. ఈసారి నంబర్లు కొట్ట. పేర్లు పెడుత. పన్నెండేండ్ల కింద జెయ్యాల్సిన పని" అన్నాను. ఆ మాట అనడానికి నాకెంత బరువైందో ఆమెకు తెలియదు.

ముందు ఒక్క పెద్ద ఫైలుగా ఉన్నదాన్ని అధ్యాయానికొకటి చొప్పున ఐదు ముక్కలు చేశాను. ఇట్లా ముక్కలుంటే తప్పు పడినప్పుడు ఆ ముక్కలోనే వెతుక్కోవచ్చు, ఊరంతా తిరగక్కర్లేదు. ఐదింటినీ కలిపే చిన్న ఫైలు ఒకటి వేరుగా పెట్టాను. తర్వాత పేర్లు. సిద్ధాంతంలో ఏముందో దాన్నిబట్టి పేరు పెట్టుకోవాలని ఆ లెక్చరర్ చెప్పేవాడు. అందులో ఏముందో నాకేం తెలుసు? ఇంగ్లీషు అక్షరాలతో మా వాళ్ల పేర్లే పెట్టుకుంటూ పోయాను. కొత్త వరసలో 2.8కి జానమ్మ, మా అత్త. 2.9కి సువర్ణ, మా చిన్నమ్మ. పదికి మధు, పదకొండుకు నిఖిల్. బంధువులు అయిపోతే మా ఊరు తుంగతుర్తిలో వాడకట్టువాళ్లను మొదలుపెట్టాను.

మానస వేలు పెట్టి చదివేది. "నలభై ఒకటో పేజీ, కింది నుంచి మూడో లైను, పాత 2.8."

"సువర్ణ" అని నేను కొట్టేదాన్ని.

"దాని పక్కనే 2.13."

"ఆమె మొగడు."

మొదటి రెండు గంటలు కొంచెం నవ్వింది. తర్వాత నవ్వడానికి ఇద్దరికీ ఓపిక లేదు. పదకొండింటికి ఒకసారి బటన్ నొక్కి చూస్తే నంబరు ఉండాల్సిన ప్రతిచోటా రెండేసి ప్రశ్నార్థకాలు పడ్డాయి. మానస మొహం పాలిపోయింది.

"భయపడకు. మొదటిసారి అది పేర్లు రాసుకుంటది, రెండోసారి నంబర్లేస్తది. రెండు మాట్ల నొక్కాలె" అన్నాను. రెండోసారి నొక్కాను. నంబర్లు పడ్డాయి. 2.7 కొత్తది, 2.8 జానమ్మ, 2.9 సువర్ణ, వరసగా ఎవరి చోట్లో వాళ్లు. రెండు చోట్ల ప్రశ్నార్థకాలు అట్లాగే ఉంటే ఆ పేర్లు నేను తప్పు కొట్టానని తెలిసిపోయింది. ఇన్నేళ్లూ ఇంత సులువైన దాన్ని పక్కన పెట్టి ముప్పై ఒక్క పుస్తకాల నంబర్లు వేళ్లు వాచేలా కొట్టానని తలుచుకుంటే నా మీద నాకే ఒళ్లు మండింది.

పేర్లు మర్చిపోకుండా ఒక పెద్ద తెల్లకాగితం పక్కన పెట్టుకున్నాను. ఎడమవైపు సిద్ధాంతం పేరు, కుడివైపు దాని నిరూపణలో ఎవరెవరిని పిలిచారో వాళ్ల పేర్లు. చివర్లో సరిచూసుకోవడానికి పనికొస్తుందని రాసుకున్నానంతే. శుక్రవారం సాయంత్రానికి రెండు అధ్యాయాలు, శనివారం మధ్యాహ్నానికి మూడోది అయ్యాయి. మధ్యలో కరెంటు పోయి రెండు గంటలు విసనకర్రతో కూర్చున్నాం. మానస గోడకు తల ఆనించి అట్లాగే కళ్లు మూసింది. పెళ్లికార్డు కోసం ఎవరో వస్తే సోమవారం తర్వాత రమ్మన్నాను. వాళ్లు గొణుక్కుంటూ పోయారు.

నాలుగో అధ్యాయంలో మూడో సిద్ధాంతం వచ్చింది. పుస్తకానికంతా అదే పెద్దదని, దాని కోసమే ఆరేళ్లని మానస ఎప్పుడో చెప్పింది. దానికి పెద్దులు అని పేరు పెట్టి ఉంచాను, తుంగతుర్తిలో మా పక్కింటి తాత. అది మూడో అధ్యాయంలోనే ఒకసారి వచ్చింది, "ముందు రాబోయే 4.3 ప్రకారం" అని. అందుకే పేరు ముందే పెట్టాల్సి వచ్చింది. ఇప్పుడు పెద్దులు నిరూపణ కొడుతుంటే మానస చదివింది.

"ఇక్కడ 3.9."

3.9 అంటే సుక్కి. పెద్దులు భార్య. కాగితం మీద పెద్దులు ఎదురుగా సుక్కి అని రాస్తుంటే నా పెన్ను ఆగిపోయింది. కాగితం పైభాగంలో సుక్కి ఎదురుగా ఏముందో చూశాను. పెద్దులు అని ఉంది.

ముందు నా తప్పే అనుకున్నాను. ఒకసారి కరాబు చేసిన చేతులు కదా. ప్రూఫు తీసి చూశాను. అందులోనూ అట్లాగే ఉంది. సుక్కి నిజం కావాలంటే పెద్దులు నిజం కావాలి. పెద్దులు నిజం కావాలంటే సుక్కి నిజం కావాలి. ఈమెకు ఆయన జామీను, ఆయనకు ఈమె జామీను. వేరే ఎవరూ వచ్చి నిలబడలేదు. నేను డిగ్రీ రెండో ఏడులో ఆగిపోయినదాన్ని, ఆ గుర్తుల అర్థం నాకు సగం కూడా తెలియదు. కానీ ఒకదాన్ని ఒకటి పట్టుకుని రెండూ గాలిలో వేలాడుతున్నాయని తెలుసుకోవడానికి అంత చదువు అక్కర్లేదు. 3.9, 4.3 అని నంబర్లు కొట్టినన్నాళ్లు నా కంట పడలేదు. మొగుడూ పెళ్లాల పేర్లు పెట్టేసరికి పడింది.

చెప్పాలా వద్దా? నా షాపు ధర్మం ప్రకారం వద్దు. కాపీలో ఉన్నది కొట్టుడే. చెప్పకపోతే సోమవారానికి పని అయిపోతుంది, ఆ పిల్ల కొలువు నిలబడుతుంది. చెప్తే ఏమవుతుందో నాకు తెలుసు. గంటసేపు కొడుతూ పోయాను. ఐదు పేజీలు కొట్టాక వేళ్లు కదలలేదు. ఇట్లాంటిది కడుపులో పెట్టుకుని ఆమె పక్కన కూర్చోవడం నా వల్ల కాలేదు. టీ తెప్పించి, కాగితం ఆమె ముందుకు జరిపి, రెండు పేర్ల కింద గీత గీశాను.

"మానసా, నాకు లెక్కలు రావు. తప్పైతే తిట్టు. ఈ సుక్కి పెద్దులు మీద నిలబడ్డది. పెద్దులు సుక్కి మీద నిలబడ్డడు. మరి నేల మీద ఎవరున్నరు?"

ఆమె కాగితం వైపు చూడలేదు. నా వైపు చూసింది. టీ గ్లాసు కింద పెట్టింది.

"నాకు తెలుసక్కా" అంది.

"తెలుసా?"

"రెండేళ్ల నుంచి తెలుసు. 3.9ని వేరేగా నిరూపించాలని శానా తిప్పలు పడ్డాను. రాలేదు. సారుకు చెబ్దామని రెండుసార్లు మిర్యాలగూడ పోయాను. ముందు కంప్లీట్ చెయ్యమ్మా, తర్వాత సూద్దాం అన్నడు. కమిటీలో ఐదుగురున్నారు. వాళ్లకు కాపీ ఇచ్చినప్పుడల్లా ఇయ్యాల పట్టుకుంటారు, ఇయ్యాల దొరికిపోతా అనుకునేదాన్ని. స్పేసింగ్ సరిగ లేదన్నరు. బొమ్మలు చిన్నగున్నయన్నరు. ఇగ నేను కూడా ఊకున్న."

ఆమె గొంతులో ఏడుపు లేదు. అలసట ఉంది. ఎండాకాలం మధ్యాహ్నం బస్సులో నిలబడి వచ్చిన మనిషి మొహంలా ఉంది ఆ మొహం.

"ఆరేళ్లలో దీన్ని సదివింది నువ్వొక్కదానివే అక్కా."

నాకు గర్వంగా అనిపించాలి. అనిపించలేదు. భయమేసింది. ముప్పై ఒక్క పుస్తకాలు చదవకుండా కొట్టాను, వాటిలో ఎన్ని సుక్కిలున్నాయో, ఎంతమంది పిల్లలు నా పక్కన కూర్చుని ఇట్లాగే నోరు మూసుకున్నారో.

"మరేం జేద్దాం?" అన్నాను.

"ఏం చేస్తాం. అట్లనే ఉంచు."

"సరే" అని కీబోర్డు ముందుకు లాక్కున్నాను. నాలుగోది ముగించి ఐదో అధ్యాయం మొదలుపెట్టాం. ఆమె పేజీ నంబరు చెప్పింది, లైను చెప్పింది, తర్వాత ఆగిపోయింది. తల తిప్పి చూస్తే ఆ తెల్లకాగితాన్నే చూస్తోంది.

"అక్కా, ఒకవేళ సుక్కి లెమ్మా కాదు, కంజెక్చర్ అని పెడితే? అంటే ఇది నిజమని అనుకుంటున్నాం గానీ నిరూపించలేదు అని ఒప్పుకున్నట్టు. అప్పుడు పెద్దులు కూడా, సుక్కి నిజమైతేనే ఇది నిజం అని రాయాలి. మూడు, నాలుగు అధ్యాయాల్లో పదిహేడు చోట్ల వస్తది అది. ఎన్ని రోజులు పడద్ది?"

"పదిహేడు చోట్ల నేనెందుకు మారుస్త? దాని మొదట ఒక్క కాడ మారిస్తే సాలు. పేరుతోని పిలిచినం గద. అది లెమ్మానా, కంజెక్చరా అని కూడ అదే రాసుకుంటది."

"ఒక్క చోటేనా?"

"ఒక్క కాడనే."

నంబర్లు చేత్తో కొట్టిన పాత ఫైలే ఉంటే ఆ మాట అడిగి ఉండేది కాదేమో. అడిగినా రెండు రోజుల పని అని నేనే చెప్పేదాన్ని, ఆమె వద్దులే అనేది. ఎంత పని అన్నదాన్నిబట్టే మనం ఎంత నిజం చెప్పాలో తేల్చుకుంటాం, అబద్ధమెందుకు.

ఒక్క మాట మార్చాను. రెండుసార్లు బటన్ నొక్కాను. పదిహేడు చోట్లా కంజెక్చర్ 3.9 అని పడింది. మానస ఒక్కో పేజీ తిప్పి పదిహేడూ లెక్కపెట్టుకుంది. తర్వాత లేచి కుర్చీ మార్చమంది. సుక్కి కింద ఉన్న పాత నిరూపణ తానే తీసేసింది. నాలుగో అధ్యాయం మొదట్లో, ముందుమాటలో, ముగింపులో మార్చాల్సిన వాక్యాలు తానే కొట్టింది. రెండు వేళ్లతో మెల్లగా కొడుతుంటే నాకు చేతులు దురద పెట్టాయి గానీ ముట్టుకోలేదు.

"మీ సారు సంతకం పెడుతడా?" అని అడిగాను.

"తెలవదు."

రాత్రికి ఐదో అధ్యాయం ముగించి, ఆదివారం ప్రింట్లు తీశాం. లైన్లు మార్జిన్ దాటిన చోట్ల పాత అలవాటుగా ఖాళీలు కొట్టి లోపలికి నెట్టబోయి, నన్ను నేనే తిట్టుకుని, సమీకరణాన్ని రెండు లైన్లుగా విరిచాను. మొత్తం తీసే ముందు నాలుగు పేజీలు మాత్రం తీసి చూసుకున్నాం. సాయంత్రానికి ఐదు పుస్తకాలు బైండింగ్ అయి వచ్చాయి. నాలుగు యూనివర్సిటీకి, ఒకటి మానసకు.

సోమవారం షాపు మూసి నేనూ బయల్దేరాను. నా తప్పుతో మొదలైన పని, చివర దాకా చూడకపోతే నిద్ర పట్టేలా లేదు. తొమ్మిదింటికి మిర్యాలగూడలో దిగాం. గైడు రామ్మూర్తి సారు రిటైరై నాలుగేళ్లయింది. అన్నదమ్ములది రైస్ మిల్లు, ఆ ఆవరణలోనే వెనక రెండు గదుల్లో ఉంటాడు. మిల్లు హోరుకు మాటలు సగమే వినబడుతున్నాయి. టేబుల్ మీద, కుర్చీల మీద, ఆయన కళ్లద్దాల మీద కూడా సన్నటి తౌడు దుమ్ము. మంచి మనిషిలాగే ఉన్నాడు. కూర్చోబెట్టి మంచినీళ్లు ఇప్పించాడు.

"అయిపాయె. ఇగ నువ్వు డాక్టర్ మానసవే" అంటూ మొదటి పుస్తకం తెరిచి, సంతకం పెట్టే పేజీ వెతికి పెన్ను తీశాడు.

"సార్, సంతకం పెట్టకముందు ఒక మాట" అంది మానస. "3.9 లెమ్మా కాదు సార్. దాని నిరూపణ 4.3 మీద ఆధారపడింది. 4.3 మళ్లీ దాని మీదనే. అందుకని కంజెక్చర్ అని మార్చాను. 4.3 కూడా అది నిజమైతేనే అని రాశాను."

ఆయన పెన్ను అట్లాగే గాలిలో ఉండిపోయింది. మూడో అధ్యాయం తెరిచాడు. వెనక్కీ ముందుకీ తిప్పాడు. చాలాసేపు తిప్పాడు.

"ఎవలు పట్టుకున్నరు? కమిటీవాళ్లా?"

"కాదు సార్. ఈ అక్క. టైపు చేసిన అక్క."

ఆయన నన్ను చూశాడు. తలెత్తి ఆయన వైపే చూశాను. చదవాల్సినవాళ్లు చదవకపోతే టైపు కొట్టేవాళ్లు చదువుతారు అని నోటి దాకా వచ్చింది. మానస కోసం మింగాను.

"గిట్ల పెడితే బయటి ఎగ్జామినర్ ఊకుంటడా? నిరూపించనిది ఎందుకు పెట్టినవంటడు. పాతదే ఉంచితే ఎవలు సూడకపోదురు" అన్నాడు. బెదిరింపు కాదు, దిగులుగానే అన్నాడు. "నాలుగో అధ్యాయం తీసెయ్యమంటే ఏం జేస్తవమ్మా?"

"తీసేస్తాను సార్. మిగిలినవైనా నావే కదా."

మిల్లు హోరు ఒక్కసారి ఆగింది. బయట ఎవరో బస్తాలు లెక్కపెడుతున్నారు. గడియారం తొమ్మిదీ నలభై. ఇక్కడి నుంచి యూనివర్సిటీకి రెండు బస్సులు మారాలి. ఈ ముసలాయన పెన్ను కదలకపోతే ఆరేళ్లు ఇక్కడే, ఈ తౌడులోనే పోతాయి.

ఆయన సంతకం పెట్టాడు. ఒకదాని తర్వాత ఒకటి నాలుగూ పెట్టాడు. తేదీలు వేశాడు. ఐదోది సంచీలో పెట్టబోతుంటే చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఇదొకటి జర నా దగ్గరుంచి పోతవా? సదువుత."

అది మానస తన కోసం చేయించుకున్నది. ఒక్క క్షణం పట్టుకుని, తర్వాత ఆయన చేతిలో పెట్టింది.

మేం గేటు దాకా వచ్చామో లేదో వెనక నుంచి పిలుపు. సంతకం విషయంలో మనసు మార్చుకున్నాడేమో అనుకున్నాను. తిరిగి వెళ్లాం. ఆయన గుమ్మంలో నిలబడి ఉన్నాడు, పుస్తకం పదిహేనో పేజీ దగ్గర తెరిచి వేలు పెట్టుకుని.

"ఈ నిరూపణ ఎక్కడికెల్లన్న తీసుకున్నవా, నువ్వే రాసినవా?"

"నేనే రాశాను సార్. మొదటి సంవత్సరం."

"ఇంత అల్కగ, నాలుగు లైన్లల్ల తేల్చింది నేనెక్కడ సూడలే" అన్నాడు. మళ్లీ పేజీలోకి చూస్తూ, మాతో కాదన్నట్టు, "మంచిగుందమ్మా. మస్తు మంచిగుంది" అన్నాడు.

పుస్తకం కరాబైందన్న రోజు ఏడవలేదు మానస. దొరికిపోయిన రోజు ఏడవలేదు. ఇప్పుడు ఆ గుమ్మం ముందు నిలబడి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వెక్కివెక్కి ఏడ్చింది. ఆయనకు ఎందుకో అర్థం కాలేదు. నాకు అర్థమైంది, ఆయన మీద కోపం మాత్రం తగ్గలేదు.

"ఇగ నడువు, బస్సు పోతది" అని నాలుగు పుస్తకాల సంచీ నేనే ఎత్తుకున్నాను.